తప్పిపోయిన రెండు పోట్లు

"గత మాసమున మీ కేంద్రమందు పోట్ల సంఖ్య మూడింట రెండు వంతులు తగ్గినట్లు గ్రాఫు ద్వారా గమనించడమైనది. సదరు పోట్లు ఎక్కడికి పోయినవో మూడు దినములలోగా తెలుపవలెను. గ్రాఫు లేవని పక్షమున మిమ్ములను రేవు అవతలి కేంద్రమునకు బదిలీ చేయుటకు శాఖ వెనుకాడదు."

టీకాల శాఖ నుంచి వచ్చిన ఈ ప్రేమలేఖను సూదమ్మ నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివింది. సూదమ్మ అంటే ఆ వీధి చివరి టీకాల కేంద్రంలో నర్సు. పసిపిల్లల తల్లులు పెట్టిన పేరది. పెళ్లయి సరిగ్గా నలభై రోజులైంది. ఆ పొద్దున్నే వాళ్లింటికి రెండో కప్పు వచ్చింది. అంతవరకు ఒకే కప్పులో ఒకరి తర్వాత ఒకరు టీ తాగేవారు. రెండో కప్పుకు పిడి కాస్త వంకర. ఆ వంకరను తలుచుకుని దారంతా నవ్వుకుంటూ వచ్చిన మనిషికి బల్ల మీద ఈ కాగితం కనబడింది.

జరిగిన నేరం ఏమిటంటే, వైద్యశాస్త్రం ముందుకు పోయింది. ఇదివరకు కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం వగైరా ఐదు రోగాల నుంచి పసివాణ్ణి కాపాడాలంటే ఒకే పూట మూడు సూదులు వేయాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ ఐదింటి మందునూ కలిపి ఒకే సీసాలో పంపిస్తున్నారు. ఒకే సూది, ఒకే ఏడుపు. తల్లులకు హాయి, పిల్లలకు హాయి, సూదమ్మకు మరీ హాయి. ఈ సంగతి అందరికీ తెలిసింది, ఒక్క ఫారానికి తప్ప.

ఫారంలో "రక్షణ పొందిన పిల్లలు" అనే గడి లేదు. "పోట్ల సంఖ్య" అనే గడి ఉంది. శాఖలో వెన్నుపోట్లకు లెక్కాపత్రం లేకపోయినా తొడపోట్లకు మాత్రం పక్కా లెక్క ఉంటుంది. పోనీ ఫారం మారుద్దామంటే, అచ్చయిన ఫారాలు రెండు గదుల నిండా ఉన్నాయి. అవి అయిపోయేదాకా శాస్త్రం ఆగాలి గానీ ఫారం మారదు.

ఇందులో చిన్న కుటుంబ విశేషం కూడా ఉంది. ఆ గ్రాఫు గీసింది సూదమ్మ మొగుడే. శాఖ కార్యాలయంలో గీతల గుమస్తా. మధ్యాహ్నం ఇద్దరూ మెట్ల కింద బల్ల మీద కూర్చుని ఒకే డబ్బాలోంచి తింటారు.

"ఏమండీ, ఆ గీత కాస్త పైకి గీస్తే మీ సొమ్మేం పోయేది?"

"స్కేలు పెట్టి గీశానే. మనకు పెళ్లయిందని స్కేలుకు తెలీదు కదా."

"రేవు అవతలకి రోజుకి ఒక్కటే పడవ. ఆదివారం అదీ లేదు. అప్పుడు మీ స్కేలునే పక్కన పడుకోబెట్టుకోండి."

మామూలుగా అయితే డబ్బా అడుగున మిగిలే ఆఖరి ముద్ద కోసం ఇద్దరూ కొట్టుకుంటారు. ఆ రోజు ఎవరూ ముట్టుకోలేదు.

సంజాయిషీ ఇద్దరూ కలిసి రాశారు. "అయ్యా, పోట్లు తప్పిపోలేదు. వాటి అవసరం తీరిపోయింది" అని సూదమ్మ రాస్తే, ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇంత సూటిగా రాస్తే పైవాళ్లకు అర్థం కాదు" అని మూడు పేజీలకు సాగదీశాడు. అప్పుడు అర్థమైంది. అర్థమైంది కనుకే తనిఖీకి వచ్చారు.

శాఖ పెద్దసారు వచ్చేసరికి కేంద్రంలో ఒక బామ్మగారు సూదమ్మను నిలదీస్తున్నారు.

"మా కూతురి కొడుక్కి మూడేశావు. కోడలి కొడుక్కి ఒకటే వేసి పొమ్మంటావా? రేపు కోడలు నన్నేమనుకుంటుంది?"

"బామ్మగారూ, ఆ మూడూ కలిపే ఇందులో ఉన్నాయండీ."

"కలిపితే పల్చబడదుటే? నాకు చెప్పకు. మిగతా రెండూ వేస్తేనే కదిలేది."

పెద్దసారు కళ్లు చెమర్చాయి. ప్రజల్లో పోట్ల పట్ల ఇంత చైతన్యం ఉందని ఆయన అనుకోలేదు. అక్కడికక్కడే బల్ల దగ్గర నిలబడి ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా! శాస్త్రం గొప్పదే, కాదనను. కానీ గ్రాఫు కూడా గొప్పదే! గ్రాఫు పడిపోతే శాఖ పడిపోతుంది. శాఖ పడిపోతే మీ పిల్లల్ని కాపాడేదెవరు? అలాగని పసివాడి తొడలో అనవసరంగా గుచ్చడానికి నాకు మనసొప్పదు. నేనూ తండ్రినే. కనుక పసివాడికి ఒక పోటు, శాఖకు రెండు పోట్లు! ఆ రెండింటినీ స్వీకరించడానికి ఒక రబ్బరు బొమ్మను మంజూరు చేస్తున్నాను!"

బామ్మగారు చప్పట్లు కొట్టారు. మనవడు ఏడ్చాడు.

బొమ్మ వారం లోపే వచ్చింది. మందు సీసాల కన్నా త్వరగా వచ్చింది. దానికొక ఫైలు, ఒక కుర్చీ, ఎండ తగలకుండా ఒక తెర ఏర్పాటయ్యాయి. సూదమ్మ పిల్లవాడికి ఒకటి వేసి, బొమ్మకు రెండు పొడిచి, ఫారంలో మూడు అని రాసేది. గ్రాఫు లేచి నిలబడింది. బదిలీ మాట వెనక్కి పోయింది. మెట్ల కింద ఆఖరి ముద్ద కోసం యుద్ధం మళ్లీ మొదలైంది. నలభై రోజులు కాస్తా నాలుగు నెలలయ్యాయి.

ఇక్కడితో ఆగితే కథ సుఖాంతమే. కానీ ఊళ్లో చదువుకున్నవాళ్లు ఉన్నారు.

వాళ్ల దగ్గర్నుంచి చీటీలు రావడం మొదలైంది. అన్నీ చక్కటి దస్తూరీలు, అచ్చుతప్పు ఒక్కటి లేదు. "మా బాబు బహు సున్నితం. మూడు పోట్లూ బొమ్మకే వేయించగలరు. కార్డు మాత్రం నింపి ఇవ్వగలరు." ఒకాయన అయితే స్వయంగా వచ్చి, బొమ్మ తొడ నొక్కి చూసి, "ఇది మావాడికన్నా పుష్టిగా ఉంది, తట్టుకుంటుంది" అన్నాడు.

"బొమ్మకు దగ్గు రాదండీ. మీవాడికొస్తుంది" అంది సూదమ్మ.

"చూడమ్మా, నేను పుస్తకాలు చదివేవాణ్ణి" అన్నాడాయన. ఆ మాటకు సమాధానం వైద్యశాస్త్రంలో లేదు.

సూదమ్మ ఒప్పుకోలేదు. ఆపాటికే తనకూ ఒక బొమ్మ మంజూరు చేయించుకున్న పక్క వీధి కేంద్రం ఒప్పుకుంది. అక్కడ పిల్లల్ని తీసుకురానక్కర్లేదు, కార్డు పంపిస్తే చాలు. పనివేళల్లో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత ప్రశాంతంగా ఉండేది. గ్రాఫు కాగితం పైఅంచును తాకింది. శాఖవారు దాన్ని "ఏడుపు రహిత ఆదర్శ కేంద్రం"గా ప్రకటించి, బొమ్మకు శాలువా కప్పారు. కార్డులు అటే పోతుండడంతో సూదమ్మ కేంద్రంలో మాత్రం ఏడుపులు కొనసాగుతూనే ఉన్నట్టు, పోట్లు తగ్గుతూనే ఉన్నట్టు గీతల గుమస్తా స్కేలు పెట్టి మరీ గీయాల్సి వచ్చింది.

బదిలీ ఉత్తర్వు ఖాయమైంది. గీతల గుమస్తా తననూ రేవు అవతలికి పంపమని దరఖాస్తు పెట్టుకున్నాడు. కారణం గడిలో "పెళ్లాం" అని రాస్తే చెల్లదు గనుక "గ్రాఫు అవసరాల రీత్యా" అని రాశాడు. వెంటనే మంజూరైంది. ఆదర్శ కేంద్రం గ్రాఫు ఎటూ తిన్నని గీతే, దానికి మనిషితో పనిలేదు.

"చూశావా? ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తర్వు" అన్నాడు పడవలో. "మొత్తానికి శాఖవాళ్లు కూడా కలిపి వేయడం నేర్చుకున్నారే!"

సూదమ్మ పకపకా నవ్వింది. ఒడిలో రెండు కప్పులు, వంకర పిడిది పైన. అవతలి రేవులో తల్లులు పిల్లల్నెత్తుకుని ఎదురుచూస్తున్నారు. పడవలో బొమ్మల్ని ఎక్కించుకునే నిబంధన లేదు కనుక అక్కడికి బొమ్మ రాలేదు. ఒక పిల్లవాడు, ఒక పోటు, ఒక ఏడుపు.

ఇవతలి ఊళ్లో ఈ మధ్య పిల్లలకు ఊపిరి తిప్పుకోనివ్వని దగ్గు ఒకటి వస్తోందట. ఫారంలో దగ్గుకు గడి లేదు. అయినా పెద్దసారు ఉపేక్షించలేదు. నిపుణులను పిలిపించి బొమ్మకు క్షుణ్ణంగా పరీక్షలు చేయించారు. దానికి దగ్గు లేదని, ఇంతవరకు ఏ రోగమూ సోకలేదని, శాఖ కృషి నూటికి నూరుపాళ్లు ఫలించిందని పత్రికలకు ప్రకటన ఇచ్చారు.

అది చదివి చదువుకున్నవాళ్లు మండిపడుతున్నారు. ఈ శాఖవాళ్లు బొత్తిగా పని చేయడం లేదని ఫిర్యాదులు రాస్తున్నారు. అవే చక్కటి దస్తూరీలు, అచ్చుతప్పు ఒక్కటి లేదు. మీరూ ఒకటి రాసే ఉంటారు.