నూటపదహార్ల చెరవిముక్తి

ఓ సిగ్నల్ దేవతా! రెండు గీతలుగా దర్శనమిచ్చి మూడో గీత కోసం లోకాన్ని ఏడిపించే తల్లీ! ఈ కథ ముగిసేదాకా కాస్త నిలకడగా ఉండు.

వలిసెపూలు కొండవాలుల నిండా పసుపు పరిచిన మార్గశిరాన, మంచుతెరలింకా తొలగని అరకులోయలో, రైల్వేస్టేషను ఎదుట యర్రమ్మ బొంగుచికెన్ కొట్టు పక్క బండరాయినెక్కి, వాయులీన ధనుర్ధారిణి, సప్తస్వర సేనాధిపతి, విజయనగర వాస్తవ్య నాగలక్ష్మి స్పీకర్ పెట్టిన ఫోనును ఆకాశానికెత్తి నిలిచింది.

ముందురోజు కచేరీ కాగానే రిసార్టు యజమాని సర్వేశ్వరరావు శుభమా అని మొదట నూటపదహార్లు, ఆ వెంటనే పదివేలు ఆమె ఖాతాకు పంపాడు. చిన్న మొత్తంతో తలుపుతట్టి, వెనకాలే పెద్ద మొత్తంతో జొరబడే మోసగాళ్ల జాడే అందులో చూసి, బ్యాంకు తనిఖీయంత్రం నిమేషమాత్రంలో రెండింటినీ చెరబట్టింది. పక్కవాద్యగాణ్ణి ఉత్తచేతులతో సాగనంపడం నాగలక్ష్మి గురుపరంపరలోనే లేదు. మృదంగ మార్తాండుడు ఫణీంద్ర రైలుకు పదే నిమిషాలుంది.

"పర్లేదక్కా, తర్వాత పంపుదువులే."

"నోర్ముయ్. ఇక్కణ్ణించి కదిలావంటే చూడు!"

అంతలో ముంబయి బ్యాంకు దుర్గం నుంచి తనిఖీ అధికారి అజయ్ గొంతు వెలువడింది.

"మేడమ్, పదివేలు ఫీజు. ఓకే. ఈ నూటపదహారు దేనికి?"

"సంభావన."

"అంటే టిప్పా?"

"హవ్వ!"

"అయితే అది వెనక్కి పంపేయండి. పదివేలు ఇప్పుడే రిలీజ్ చేస్తాను."

ఎంతటి ప్రలోభం! ఫణీంద్ర కళ్లలో పదివేలు తళుక్కుమని మెరిశాయి. నాగలక్ష్మి మాత్రం కమాను దూసినట్టు చెయ్యి చాచి, లోయ దద్దరిల్లేలా గర్జించింది:

"ఓయి యంత్రకింకరా! అనంతగిరి ఘాట్‌రోడ్డు తిన్ననైపోనీ, అరకు కాఫీ చప్పబడిపోనీ, పెద్దలు దీవించి ఇచ్చిన నూటపదహార్లను తిప్పి పంపను! పదివేలు నువ్వే ఉంచుకో. నా దీవెన నాకు వదులు!"

యర్రమ్మ వెదురుబొంగు చీలుస్తూనే ఫోన్లోకి వంగింది.

"ఏటి బాబూ, మా గుంట పెళ్లికి ఊరూరంతా నూటపదార్లే సదివించినారు. అయితే మేవందరం దొంగలమేటి? బేగి వదిలేయ్, రైలొచ్చేత్తంది!"

అవతల కీబోర్డు టకటకలు.

"మేడమ్... ఐదొందల లోపు నా చేతిలో ఉంది. వదిలేశాను. పదివేలకి మాత్రం నలభై ఎనిమిది గంటలు ఆగాలి."

ఫోను టింగుమంది. రైలు కూసింది. ఆ క్షణమే నూటపదహార్లూ నాగలక్ష్మి ఫోనులోంచి ఫణీంద్ర ఫోనులోకి లంఘించాయి.

"నూటపదహార్లంటే వద్దనకూడదు కదక్కా," అంటూ అతను ఫోన్ని కళ్లకద్దుకుని, మృదంగాన్ని భుజానికెత్తుకుని పరిగెత్తాడు.

దిక్పాలకులారా, వినండి! పదివేలింకా చెరలోనే మగ్గుతున్నాయి. విజేత జీరో బ్యాలెన్సుతో బండరాయి దిగి, యర్రమ్మ ఊరికే పోసిన టీ తాగుతోంది. అయినా అరకు స్టేషన్లో ఆనాడు ఏ మృదంగమూ సంభావన లేకుండా రైలెక్కలేదు. జయం! విజయం! నూటపదహారు రెట్ల దిగ్విజయం!