మూడవమారు మంచు గెలిచిన వంశము

జనవరి మాసమున, శనివారమున, సూర్యభగవానుడు తాను వచ్చిన సంగతి ఎవరికిని తెలియనీయక మేఘముల చాటుననే ముఖము దాచుకొని యున్న వేళ, మిషిగన్ మహాసరోవరము చేయి చాచిన అఖాతపు టొడ్డున, కాగితపుమిల్లుల ధూమమాలికలతో విరాజిల్లు గ్రీన్ బే పురమునందు, రాత్రికి రాత్రి పదునాలుగంగుళముల మంచు కురిసి, మరునాటి ఫుట్‌బాల్ సమరమునకు రంగస్థలమగు మహాస్టేడియము నఖశిఖపర్యంతము తెల్లబడి, వేలకొలది ఆసనములలో ఒక్కటియు కంటికి కానరాక యుండ, పురజనులెల్లరు పారలకొఱకు ద్వారము కడ బారులు తీరిరి. ఆ స్టేడియమున ఆడు జట్టు ఊరివారి సొత్తు. కనుక మంచు కూడ ఊరివారే తీయవలెను.

ఆ బారున ప్రథముడెవడయ్యా అనగా, మిల్లులో ముప్పదియొక్క సంవత్సరములు మహాకాగితచక్రములను చుట్టించి విశ్రాంతి గైకొన్నవాడును, సాసేజ్‌పోషిత స్థూలోదరుడును, జింకలవేటనాటి నారింజరంగు టోపీని కిరీటమువలె ధరించినవాడును, మీసములపై మంచును ముత్యములవలె మోయువాడును నగు నార్బర్ట్ డెల్‌ఫోస్. గడచిన రెండు శీతకాలములందును ధర్మపత్ని లవర్న్‌ను జోడీగా గొని, అందఱికంటె ముందు తన వరుసను కొసదాక తుడిచి, అడుగున అల్యూమినియము తళుక్కుమనగానే "బెంచీ!" అని దిక్కులు పిక్కటిల్ల అరచిన ఘనుడాతడు. ఇద్దఱికొక వరుస, ముందు తుడిచినవారిది గెలుపు, ఇదియే అచ్చటి యుద్ధధర్మము.

ఇక ఈ రణమునకు మూలము వినుడు. ముందునాటి శుక్రవారము, ఊరివారందఱును మద్యశాలయందు చేపల వేపుడు భుజించు పుణ్యకాలమున, పైపులు బాగుచేయువాడును నలువదేండ్ల నేస్తమును నగు రోలీ కాచ్‌మరెక్, నోట చేపముక్క యుండగనే ఒక దారుణవాక్యము పలికెను. ఈ కాలపు ఫుట్‌బాల్‌లో ఏటేట వరుసగా గెలుచు జట్లకు, అనగా రాజవంశములకు, నూకలు చెల్లినవట. ఏ జట్టుకైనను జీతములకొక కట్టడి కలదు. ధనమున్నదని వీరులనందఱిని ఒక్కచోట పోగుచేయుట కుదరదు. విజేతకు కొత్త ఆటగాండ్రను ఎంచుకొను వంతు చిట్టచివర వచ్చును, ఓడి ఓడి అడుగంటినవానికి మొట్టమొదట వచ్చును. ఒప్పందపు గడువు తీరిన ఆటగాడు పిలిచినవాని ఇంటికి పోవును. తాతలనాడు ఈ ఊరే మూడేండ్లు వరుసగా గెలిచెను గాని, ఆ పిమ్మట ఆ మూడవ మెట్టెక్కిన మొనగాడు ఇంతవఱకు పుట్టలేదు. రెండు మెట్లు ఎక్కుదురు, మూడవదానిపై కాలు జారుదురు.

ఆ మాట విన్నంతనే డెల్‌ఫోస్ కులతిలకుని చెవులు ఎఱ్ఱబడెను.

"చట్టాలు పెడితే వంశాలు చస్తాయట్రా? దమ్ముండాలి, పద్ధతుండాలి. నన్ను చూడు. రెండేళ్లు నేను గెలిచాను. మూడోది కూడా నేనే గెలుస్తాను. అప్పుడేమంటావు?"

గెలిచినచో తాను కుర్చీ యెక్కి, ఊరందఱి యెదుట, వంశములు నేటికిని కలవని ఒప్పుకొందునని రోలీ ప్రతిన చేసెను. ఓడినచో ఆ కుర్చీ తానెక్కి వంశములు లేవని చెప్పుదునని నార్బర్ట్ ప్రతిన చేసెను. ప్రక్కన కూర్చుండిన లవర్న్ చేతిలోని ఫోర్కును మెల్లగా పళ్లెములో పెట్టెను. గట్టి మగనాలి ఫోర్కు క్రింద పెట్టిన వేళ ఏమగునో తెలిసినవారు ఆ బల్లకడ ఒక్కరును లేకపోయిరి.

శనివారము తెల్లవాఱెను, ద్వారములు తెఱచుకొనెను. ఆ భాగమునకు పర్యవేక్షకురాలైన ఐరీన్ టిల్కెన్స్, మెడలో విజిలు, చేత కాగితము పట్టి ముందునకు వచ్చెను. చిన్న ఊరు గదా, మద్యశాలలో పలికిన మాట ఆమె వంటింటికి శుక్రవారము నాడే చేరియుండెను.

"లీగులో ఎలాగో ఇక్కడా అలాగే. పోయినేడు గెలిచినవాళ్లు ఈసారి పారలు ఆఖర్న తీసుకోవాలి. జోడీ కూడా ఎవరిష్టం వాళ్లది, పాత జోడీలేం లెక్కలేదు" అని ఆమె చాటెను.

ఏమి చెప్పుదును! వెడల్పాటి పారలు, తేలిక పారలు, పిడి నునుపైన పారలు ఒకటొకటిగా జనుల చేతులెక్కి పోయెను. విజేతలకు మిగిలినవి రెండు. పిడి చీలి టేపు చుట్టిన పార లవర్న్‌ది. చివరది, ఏ లారీ క్రింద పడి లేచెనో గాని కొన అష్టావక్రమైనది, నార్బర్ట్‌ది. దానిని చూచియు ఆ ధీరుడు చలింపలేదు. పద, ముప్పై ఏడో వరుస మనది అని భార్యకు సైగ చేసెను.

"నేను రోలీతో దిగుతున్నా" అనెను లవర్న్.

"రోలీతోనా? ఎందుకే?"

"రెండేళ్లు నేను గెలిచాను, నేను గెలిచాను అన్నావుగా. నేనేం చేశానో చెప్పు చూద్దాం."

మహావీరుడు ఆలోచించెను. మిక్కిలి ఆలోచించెను.

"కాఫీ థర్మాస్ తెచ్చావు" అనెను.

లవర్న్ తల యూపెను. "రోలీ నన్ను అడిగాడు నార్బర్ట్. నువ్వు ఒక్కసారైనా అడిగావా?" అని, చీలిన పారను భుజమున వైచుకొని ముప్పది యెనిమిదవ వరుసకు మెట్లెక్కి పోయెను. ఆ పోవు వీపును చూచుచు నార్బర్ట్ రెండు మెట్లు వెంట నడచి ఆగెను. పందెము కొఱకు కాదది.

రోలీ విడిచిన పాత జోడీ, విశ్రాంత దంతవైద్యుడు క్లెమ్ ప్యాట్స్‌కీ, ఇప్పుడు నార్బర్ట్ పాలబడెను. క్లెమ్‌కు పారకంటె నోరు చుఱుకు. మోకాలికి చేసిన శస్త్రచికిత్సను గూర్చి మొదలుపెట్టి, విజిలు మ్రోగు లోపల ఎడమ మోకాలు ముగించి కుడి మోకాలికి వచ్చెను.

విజిలు మ్రోగెను! అంత, ప్రళయకాల జీమూతమువలె గర్జించి, దవడలు బిగించి, బూట్లు నాటి, వక్రపారను గదవలె గిరగిర త్రిప్పి, నార్బర్ట్ తుషారసైన్యముపై విరుచుకొని పడెను. "ఓరీ హిమరాక్షసా! మొన్న నా కారును మింగితివి, నిన్న నా తపాలాపెట్టెను మింగితివి, నేడు నా కీర్తిని మింగజూతువా? నిలు నిలు!" అని అతని హృదయము ఘోషించెను. నోటినుండి వెలువడినది మాత్రము "అబ్బా, నడుము" అనునదే. అతడు మంచును ఆకాశమునకు ఎగజిమ్మెను. అఖాతపు గాలి దానిని అందుకొని, భద్రముగా తిరిగి తెచ్చి, అతని ముఖముననే సమర్పించెను. అతడు మఱల జిమ్మెను, అది మఱల వచ్చెను. ఇరువది ఆసనములు గడచునప్పటికి అతడు తీసిన మంచెంతయో తిన్న మంచును అంతే.

క్లెమ్ కోటు జేబునుండి వెచ్చని సాసేజ్ తీసి, శుభ్రపఱచిన బెంచీపై కూర్చుండెను. నువ్వు కానీ, నేను వెనకనుంచి చూస్తుంటా అనెను.

అప్పుడు నార్బర్ట్ ఊపిరి కొఱకు తల యెత్తి, పై వరుసను చూచెను. చూచి, పార క్రిందికి దించెను.

లవర్న్ మంచును విసరుట లేదు. చీలిన పారతో నిలువునను అడ్డమునను గాట్లు పెట్టి, మైసూరుపాకు ముక్కలు కోసినట్లు చతురస్రములుగా కోసి, ఒక్కొక్క ముక్కను బెంచీ మీదుగా జార్చి, మైదానము వఱకు దిగు చెక్క జారుడుబల్లపైకి నెట్టుచుండెను. గాలికి దొరకునది పిడికెడైనను లేదు. రోలీ ఆమె చెప్పినచోట నిలిచి, నెట్టమన్నప్పుడు నెట్టుచుండెను. రెండేండ్లు తాను ముందు నడచుచు దుమారము లేపుచుండగా, వెనుక బెంచీ ఎట్లు తళుక్కుమనెనో నార్బర్ట్‌కు ఆ క్షణమున తెలిసెను. ఆమె ఈ విద్య ఎచ్చట నేర్చెనో కూడ తెలిసెను. ముప్పదినాలుగు శీతకాలములు ఇంటి వాకిట మంచు తీసిన చేతులవి. ఆ వేళలందు తాను టీవీ ముందు కూర్చుండి, రాజవంశములు ఎట్లు నిలుచునో పెద్దలు చెప్పగా వినుచుండెను. అతనికి సిగ్గు వేసెను. వెంటనే కోపము వచ్చెను, తనపైననే. ఆ కోపముతో పార పట్టెను.

ఇక విసరుట మానెను. చూచినది చూచినట్లు కోయసాగెను. వక్రపు కొన బెంచీ అంచున గడ్డకట్టిన మంచును పెళ్లగించుటకు మహాస్త్రమై అక్కఱకు వచ్చెను. పై వరుసకంటె అప్పటికి ఇరువది ఆసనములున్న వెనుకబాటు పదునాలుగయ్యెను, ఆఱయ్యెను, మూడయ్యెను. క్రింది వరుసలవారు తమ పని మాని మెడలు త్రిప్పి చూచుచుండిరి. క్లెమ్ సైతము లేచి, సాసేజ్ పంట కఱచి, రెండు పారల మంచు తీసెను! చివరి ఆసనమున మంచు రాయి వలె బిగిసియుండెను. నార్బర్ట్ కొన గుచ్చి, బూటుతో అదిమి, పండ్లు కొఱికెను. అది కదలెను.

"బెంచీ!"

ఆ కేక పై వరుసనుండి వచ్చినది. ఒక్క ఆసనపు తేడా.

రోలీ టోపీ తీసి ఎగురవేసెను. "జారిందిరా మూడో మెట్టు! చెప్పానా, ఈ కాలంలో వంశాలు లేవని. శుక్రవారం కుర్చీ తుడిపించి ఉంచుతాను!"

నార్బర్ట్ మీసమున మంచు తుడుచుకొనెను. పై వరుసలో లవర్న్ ఊపిరి తీసుకొనుచు, పారపై గడ్డము మోపి, అతనినే చూచుచుండెను.

"ఆగు రోలీ. నువ్వెన్నిసార్లు గెలిచావు?"

"ఇదే మొదలు."

"నేను రెండు. మరి లవర్న్?"

రోలీ వ్రేళ్లు మడచి లెక్కింపసాగెను.

"మూడు" అనెను నార్బర్ట్, ఆ మూల మెట్లవారికి కూడ వినబడునట్లు. "వరుసగా మూడు. పార ఆఖర్న ఇచ్చారు, జోడీ మారింది, అయినా గెలిచింది. వంశం ఉందిరా. అది నాదనుకున్నా, అంతే. నాది కాదు, లవర్న్‌ది. రెండేళ్లూ గెలిపించింది కూడా తనే."

ఐరీన్ కాగితము చూచి, మూడేండ్ల విజేతల పేర్లపై వ్రేలు పెట్టి, సరిగ్గానే ఉంది అని ఒక్క విజిలు వేసెను. లవర్న్ నవ్వాపుకొనలేక ముఖము ప్రక్కకు త్రిప్పుకొనెను గాని, నవ్వు భుజములలో కనబడెను.

శుక్రవారము రోలీ కుర్చీ యెక్కక తప్పలేదు. వంశాలు ఉన్నాయని, ఒకటి డెల్‌ఫోస్ ఇంట్లోనే ఉందని, అయితే నార్బర్ట్‌ది కాదని గొణిగి దిగెను. అది పిమ్మటి మాట. ఆ శనివారము నాడే, స్టేడియము మెట్లపై థర్మాస్ నడుమ పెట్టుకొని, మగడు భార్యను అడిగెను.

"వచ్చే ఏడు నాతో దిగుతావా?"

"ఏమిస్తావు?"

"నీ పేరు ముందు చెబుతా."

"పేరు సరే. వాకిలి?"

నార్బర్ట్ నిట్టూర్చెను. రెండు గ్లాసుల కాఫీ అగునంతసేపు బేరము సాగెను. చేతులు కలిసెను.

ఆదివారము ఉదయమున, సమరమునకు ముందు, మఱి రెండంగుళముల మంచు కురిసెను. ఊరంతయు స్టేడియమునకు సిద్ధమగుచుండగా, నారింజకిరీటధారి నార్బర్ట్ డెల్‌ఫోస్ పడకదుస్తులపై కోటు తొడిగి, ముప్పదినాలుగు శీతకాలములలో తొలిసారిగా తన ఇంటి వాకిట పార దించెను. కిటికీలో త్రివిజేత్రి లవర్న్ కాఫీ త్రాగుచు, ఎడమ ప్రక్క మిగిలినదని అద్దముపై తట్టి చూపెను. అతడు తీసెను.

ఈ గాథను శ్రద్ధగా విన్నవారి పారలు వంగకుండుగాక! మంచెఱుగని దేశములవారి చీపుళ్లు ఊడకుండుగాక! ఇట్లు తపాలాపెట్టె మొదలు కారు చక్రము వఱకు గల ఇరువది రెండడుగుల వాకిలి, ఎడమ ప్రక్కతో సహా, సంపూర్ణముగా జయింపబడెను.