అర్థం కాని ఆల్బం వర్ధిల్లాలి!

పాటలో ఒక్క ముక్క కూడా అర్థం కాకపోవడమంత అదృష్టం ఇంకొకటి లేదండీ! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

నా పేరు కుమారవేల్. వారమంతా శివకాశిలో కాలెండర్లు అచ్చువేసే ప్రెస్సులో పని. ఆదివారం మాత్రం కోవిల్‌పట్టి 'గంజి గర్జన' మెటల్ బ్యాండుకు గాయకుణ్ణి! రెండు గిటార్లు, డ్రమ్స్, ముత్తురామన్ వాయించే తవిల్ డోలు, మధ్యలో నా గొంతు. పెళ్ళిమేళాన్నీ పిడుగునూ ఒకే డబ్బాలో వేసి కుదిపితే వచ్చేది మా సంగీతం. మొన్న తొలి ఆల్బం విడుదలైంది. తొమ్మిది పాటలూ మా ఇంటి తెలుగులోనే.

ఇంటి తెలుగంటే గడప లోపలి తెలుగు. తరతరాలుగా తమిళనాట ఉన్నవాళ్ళం, చెప్పులేసుకుని వీధిలోకొస్తే మాకు తమిళమే. పదో తరగతి చదివే మా అమ్మాయి సంగవి చెవిన ఈ మాటలు ఒక్కసారైనా పడాలని నా పిచ్చి ఆశ. కానీ నలుగురిలో పాడేదెలా? ఆంధ్రావాళ్ళు వింటే "అబ్బో, పాతకాలం తెలుగు!" అని నవ్వరూ? మెటల్ ఉందిగా! పులికి జలుబు చేసినట్టు గుర్రుమంటే ఏ భాషైతేనేం, ఎవడికి తెలుస్తుంది?

లాభాలు చూడండి. మూడో పాట మొత్తం మా మామగారు పెరుమాళ్సామిని తిట్టిందే. బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టి, అందులో తన సంచిని కూర్చోబెట్టి నన్ను నిలబెట్టే మనిషాయన. విరుదునగర్ కల్యాణమండపంలో ఆవిష్కరణనాడు సరిగ్గా ఆ పాటకే లేచి చిందేశారు! విజయవాడ నుంచి ఒకాయన యూట్యూబ్‌లో "నార్వే బ్యాండా బ్రో? కేక!" అని రాశాడు. ఇంత గౌరవం ఏ తెలుగు కవికి దక్కింది?

మా అమ్మ పాపమ్మాళ్ ఒక్కతే కంగారుపడింది. "ఏందిరా, గొంతులో ముల్లు కుచ్చుకొనిండాదా? రొండు ముద్దలు ఒట్టి కూడు మింగు, దిగిపోతాది" అంది. ఇప్పటిదాకా వచ్చిన సమీక్షల్లో నిజాయితీగలది అదే.

చివరి పాట దగ్గరే నా బుద్ధి గడ్డి తింది. అది మా అమ్మ నాకు పాడిన జోలపాట. గిటార్లు ఆపించి, గొంతు చించుకోకుండా, మాటమాటా విడమరిచి పాడాను. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నిజం చెప్పొద్దూ, నా చూపంతా ఆమె పక్కన కూర్చున్న సంగవి మీదే.

వేదిక దిగొచ్చి, ఎలా ఉందని సంగవిని అడిగాను.

"సూపర్‌ప్పా!" అంది. తర్వాత తమిళంలో, "చివరి పాటలో నువ్వు అసలు అరవనే లేదు. అయినా ఒక్క మాటా అర్థం కాలేదు! ఎట్లా చేశావప్పా?" అని కళ్ళింతలు చేసుకుని మెచ్చుకుంది.

ఎట్లా చేశానా? అంత సులువా తల్లీ, పదిహేనేళ్ళు పట్టింది! బళ్ళో ఎక్కడ వెనకబడుతుందోనని, అది పుట్టిన నాటినుంచీ గడప లోపల కూడా నేనూ, నా మాటమీద ఇంట్లోవాళ్ళూ దానితో తమిళమే మాట్లాడాం.