సుభద్ర గిన్నె మీద మూత

నాగరికత అంటే మరేమీ కాదు, ఎవరు ఏ జంతువును పెంచుకోవచ్చో ఒక కమిటీ తేల్చడం. ఈ సత్యం లోకానికి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు గానీ మన్సూరాబాద్‌లోని మా శ్రీ సాయి నిలయానికి అర్థమైంది. అందుకే ఆ రోజు పొద్దున్నే అపార్ట్‌మెంట్ అంతా కింద పార్కింగ్‌లో, ప్లాస్టిక్ కుర్చీల మీద కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుని ఉంది. సాలీడు తప్పించుకుంది. వదిలిందెవరో తేలలేదు.

(అపార్ట్‌మెంట్ అసలు పేరు శ్రీ సాయి సమైక్య నిలయం. ఉద్యమం వేడెక్కాక మధ్య మాట మీద ఎవరో సున్నం కొట్టారు. ఎవరు కొట్టారో తేల్చే కమిటీ నివేదిక ఇంకా రావలసి ఉంది.)

అవి సకల జనుల సమ్మె రోజులు, పైగా దసరా. బస్సుల్లేవు, బడుల్లేవు, సింగరేణి బొగ్గు రాక కరెంటు లేదు. కాబట్టి సభకు నూటికి నూరు శాతం హాజరు.

అధ్యక్షస్థానంలో భానుమూర్తి గారున్నారు. తెనాలి మనిషి, రిటైరైన ఆడిటర్, సుగర్ పేషెంటు. పక్కన కార్యదర్శి మట్టయ్య. నల్గొండ మనిషి, రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా, ప్రస్తుతం సమ్మెలో ఉన్నాడు. (ఆ నెలలో ఆయన పని చేసిన ఏకైక ఆఫీసు మా అపార్ట్‌మెంటే.) ఎదురుగా, కాళ్ళు నేల మీదే పెట్టుకున్న ఒకే ఒక్క మనిషి, ముద్దాయి కృష్ణకుమారి. సూర్యాపేట అమ్మాయి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో జువాలజీ లెక్చరర్, రెండో అంతస్తులో అద్దెకుంటోంది. మెట్ల కింద ఆమె సూట్‌కేసు, పరుపు చుట్ట, గ్యాస్ పొయ్యి అప్పటికే దించి ఉన్నాయి. విచారణ పూర్తయ్యే లోపు సామాను దించడం వల్ల అందరికీ సమయం కలిసొస్తుందని అధ్యక్షుల అభిప్రాయం.

"మన నియమావళిలో కుక్కకు, చిలక్కి, చేపకు అనుమతి ఉంది," అన్నారు భానుమూర్తి గారు. "పిల్లికి కూడా ఉంది, తనంతట తను వస్తే. సాలీడుకి లేదండి. అదీ మామూలుదా? అరచేతంత పురుగు! కడుపు కింద రూపాయి బిళ్ళంత తెల్లటి సంచి పట్టుకుని తిరుగుతోంది. అందులో ఎన్ని వందల పిల్లలున్నాయో! అవన్నీ ఎవరి ఫ్లాట్‌లోకి వస్తాయండీ?"

కుర్చీల మీది కాళ్ళు ఇంకాస్త పైకి లేచాయి.

సాలీడు తప్పించుకుందని తెల్లారగానే మెట్ల మీద నిలబడి చాటింది కూడా ఆయనే. ఆయనకెలా తెలిసిందని ఎవరూ అడగలేదు. అధ్యక్షులకు తెలియడం సహజమని అందరం అనుకున్నాం.

ఇక్కడ సాలీడు గురించి రెండు మాటలు. దాని పేరు సుభద్ర. సాలీళ్ళను పెంచే సరదా ఉన్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు కూడా విదేశాల్లో పుట్టిన, బొచ్చున్న, ఫోటోకు అందంగా పడే జాతులనే పెంచుతారు. సుభద్రది ఎవరూ అడగని జాతి. గూడు అల్లదు, గోడకు బల్లిలా అతుక్కుని ఉంటుంది, బొద్దింకల్ని పట్టి తింటుంది. మన బాత్రూముల్లో ఉచితంగా దొరుకుతుంది కాబట్టి దానికి గౌరవం లేదు. కృష్ణకుమారి దాన్ని పెద్ద గాజు సీసాలో, కొబ్బరి పీచు పరిచి, రోజూ నీళ్ళు చిలకరిస్తూ పెంచుకుంటోంది. అది మనుషుల జోలికి రాదని ఆమె చాలాసార్లు చెప్పింది. మనుషుల గురించి అలాంటి హామీ ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

మట్టయ్య గొంతు సవరించుకున్నాడు. "ముందుగాల ఒక్క ముచ్చట తేలాలె సార్. గీ సాలీడు లోకలా, నాన్‌లోకలా?"

సభ ఒక్కసారిగా ప్రాణం పోసుకుంది. మామూలుగా ఈ ప్రశ్న వస్తే రెండు పక్షాలూ ఉద్యోగం మాదంటే మాదని కొట్టుకునేవి. ఈసారి మీదంటే మీదని కొట్టుకున్నాయి.

"పెంచుకున్నది సూర్యాపేట అమ్మాయి. కాబట్టి అది లోకలే," అన్నారు భానుమూర్తి గారు.

"అరె, అది ఒచ్చింది కడియం నర్సరీ నుంచి, మొక్క కుండీల! పక్కా మీ గోదావరిది సార్. మాకు అంటగట్టకున్రి."

"కుండీ మాది కావచ్చు గానీ అండీ, మట్టి ఎవరిదో చూడాలి కదా!"

చివరికి మట్టయ్యే నిబంధన చదివి వినిపించాడు. స్థానికత తేలాలంటే వరుసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివి ఉండాలి. సుభద్ర ఆయుష్షు రెండేళ్ళని కృష్ణకుమారి మనవి చేసింది. అంటే ఈ జాతి సాలీడు ఏది పుట్టినా, ఎక్కడ పుట్టినా, స్థానికేతరురాలిగానే చనిపోతుందని సభ ఏకగ్రీవంగా తీర్మానించి చప్పట్లు కొట్టింది. (సమ్మె మొదలయ్యాక రెండు పక్షాలూ ఏకీభవించిన మొదటి అంశం ఇదే.)

ఆ ఊపులోనే అధ్యక్షులు రెండో తీర్మానం పెట్టారు. "సాలీడు మీద మూత ఎవరు తీశారో వాళ్ళు ఈ సాయంత్రంలోగా అపార్ట్‌మెంట్ ఖాళీ చేయాలి. ఓనరైనా, టెనెంటైనా మినహాయింపు లేదు. ఏమ్మా కృష్ణకుమారీ, ఇంక చెప్పడానికేమైనా ఉందా?"

"నేను తీయలే సార్," అంది కృష్ణకుమారి.

"మరెవరు తీశారు? సీసా నీ ఇంట్లోదే కదా?"

కృష్ణకుమారి ఆడవాళ్ళ వరుస వైపు ఒకసారి చూసి తల దించుకుంది. బస్సులూ ఆటోలూ లేని రోజున, పరుపు చుట్ట నెత్తిన పెట్టుకుని సూర్యాపేట దాకా నడిచే ఆలోచనలో ఉన్నట్టు కనిపించింది.

అప్పుడు మట్టయ్య భార్య అరుణమ్మ లేచింది.

"పాపం, ఆ పిల్లను ఎందుకు పరేషాన్ చేస్తున్రు? సాలీడు దాని ఇంట్ల ఉంటే గద! నేనే అడిగి తీస్కపోయిన."

మట్టయ్య కలం ఆగిపోయింది. "ఏందే? మనింటికా?"

"మరేం జేయాలె? చెత్త బండి రాక ఎన్ని రోజులాయె! వంటింట్ల బొద్దింకలు పెళ్ళికొచ్చినట్టు ఒస్తున్నయ్. నువ్వేమో సమ్మె టెంటుకాడ కూసుంటవ్. రాత్రికి సుభద్రను ఇడిస్తే తెల్లారేసరికి ఒక్కటి లేదు. మస్తు హుషారు పిల్ల!"

అలా అసలు వ్యవస్థ బయటపడింది. సమ్మె మొదలైన వారం నుంచీ సుభద్ర ఫ్లాటు ఫ్లాటుకూ తిరుగుతోంది. పెరుగు తోడు ఎలా చేబదులు తెచ్చుకుంటారో, అచ్చం అలాగే. సీసాలో తీసుకెళ్తే మెట్ల మీద నలుగురూ చూస్తారు. అందుకని అరుణమ్మ తన పేరు చెక్కించుకున్న స్టీలు గిన్నెలో వేసి, పైన ప్లేటు మూత పెట్టింది. పండగ రోజుల్లో ఆడవాళ్ళ చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంటే అందులో ఏముందని ఏ మగవాడూ అడగడు. ఉద్యమం వల్ల మగవాళ్ళ మధ్య మాటల్లేవు. గిన్నెకు మాత్రం ఏ అంతస్తులోనూ అడ్డు లేదు. పగలంతా పెంపుడు సాలీళ్ళను నిషేధించాలని సంతకాలు పెట్టిన ఇళ్ళకే రాత్రి అది డ్యూటీకి వెళ్ళేది.

"అక్కడి నుంచి ఎవరికిచ్చావ్?" భానుమూర్తి గారి గొంతు ఎందుకో కాస్త సన్నబడింది.

"పై ఇంట్ల పెద్దామెకు."

"పెద్దామె అంటే చెల్లదు. పేరు! మూడో తీర్మానం రాసుకో మట్టయ్యా. సభలో ఎవరిని గురించి చెప్పినా పేరు బిగ్గరగా చెప్పాలి. ఆవిడ, వాళ్ళు, వీళ్ళు, పై ఇంట్లోవాళ్ళు... ఇవేవీ మినిట్స్‌లోకి ఎక్కవు. పేరు చెప్పని సాక్ష్యం కొట్టివేయబడును."

"హనుమాయమ్మకు," అంది అరుణమ్మ.

డెబ్బై దాటిన హనుమాయమ్మ కూర్చునే జవాబు చెప్పింది. "అవునయ్యా, తెచ్చుకున్నాను. నిన్న పొద్దున్నే జాగ్రత్తగా పట్టి, అదే గిన్నెలో వేసి మూతపెట్టి లలితకుమారికిచ్చాను. ఇంతకీ దాని కడుపు కింద సంచేమిటి? నేను పట్టినప్పుడు సంచీ లేదు, గించీ లేదు."

కృష్ణకుమారి తలెత్తింది.

"నేనిచ్చినప్పుడు సుత లేదు అమ్మమ్మా. అంటే నిన్న గిన్నెలనే గుడ్లు పెట్టి సంచి కట్టుకున్నది." ఆమె నెమ్మదిగా అధ్యక్షస్థానం వైపు తిరిగింది. "సార్, మూత తీసినోళ్ళకు తప్ప ఇంకెవరికీ ఆ సంచి కనపడదు. మీకెట్ల ఎరుక?"

ఎక్కడో ఎల్.బి.నగర్ చౌరస్తా వైపు నినాదాలు వినిపిస్తున్నాయి.

"అధ్యక్షుడన్నవాడికి కొన్ని విషయాలు తెలుస్తాయి," అన్నారు భానుమూర్తి గారు.

"గట్లైతే సాక్షిని పిలుస్త సార్, రూలు ప్రకారం," అన్నాడు మట్టయ్య. భార్య వల్ల పోయిన పరువులో సగమైనా తిరిగి వస్తుందన్న ఆశ ఆయన మొహంలో కనిపించింది. "లలితమ్మగారూ, జర ముందుకు రాండ్రి."

భానుమూర్తి గారి భార్య లలితకుమారి లేచి నిలబడింది. "గిన్నె మా వంటింటి గట్టు మీదే పెట్టానండీ. బొమ్మల కొలువుకి పేరంటాళ్ళు వస్తూ ఉంటే మూత తీసే తీరికే లేకపోయింది. ఇవాళ లేచి చూస్తే ప్లేటు పక్కనుంది. గిన్నె ఖాళీ. పక్కన చెంచా ఉంది."

"చెంచానా?" అంది సభ.

"చెంచానే. అరుణమ్మగారి గిన్నె అంటే మలీద వచ్చిందనుకున్నారు. బతుకమ్మకి ఆవిడ నెయ్యీ బెల్లం వేసి ముద్దలు చేస్తారు కదా. డాక్టరు వద్దన్నాడని నేను దాచేస్తాను. అందుకని నేను లేవకముందే వచ్చి..." ఆమె మాట మార్చింది. "సుభద్ర ఎక్కడికీ పోలేదు. మా కొలువులో పై మెట్టు మీద, దశావతారాల పక్కన కూర్చునుంది. ఇందాక కిందికొస్తూ చూశాను. సభకు పిలవడానికొచ్చిన పక్కింటావిడైతే కొత్త బొమ్మ బాగుందని మెచ్చుకుని వెళ్ళింది."

"దొరికింది గద, మంచిగైంది. మరి మూత తీసిందెవరు?" మట్టయ్య కలం సిద్ధం చేసుకున్నాడు.

"ఇంకెవరండీ? మావారే."

"అభ్యంతరం!" భానుమూర్తి గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. "మావారు అంటే చెల్లదు. మూడో తీర్మానం. పేరు చెప్పాలి. చెప్పలేకపోతే సాక్ష్యం కొట్టేసి, కృష్ణకుమారిని పంపించేద్దాం."

ఆయన ధీమాకు కారణం ఉంది. పెళ్ళయిన నాటి నుంచి లలితకుమారి భర్త పేరు పలకలేదు. గ్యాసు బుక్ చేసేటప్పుడు ఫ్లాటు నంబరు చెబుతుంది. ఆస్పత్రిలో చీటీ చూపిస్తుంది. మొన్న జనాభా లెక్కలవాళ్ళు ఇంటి యజమాని పేరడిగితే, వాళ్ళను గుమ్మం బయటికి తీసుకెళ్ళి నేమ్‌ప్లేటు చూపించింది. పేరు చెబితే ఆయుక్షీణమని అత్తగారు చెప్పారట.

లలితకుమారి మెట్ల కిందున్న పరుపు చుట్ట వైపు చూసింది. నిన్నటిదాకా తన వంటింటి కోసం సాలీడును పంపి, ఇవాళ నోరు విప్పకుండా సామాను దించుకున్న అమ్మాయి వైపు చూసింది. తర్వాత కుర్చీ మీదికి ముడుచుకున్న భర్త కాళ్ళ వైపు చూసింది.

"గొంతు పెద్దగ జెప్పున్రి అమ్మా, మినిట్స్‌లకు ఎక్కాలె," అన్నాడు మట్టయ్య.

లలితకుమారి కొంగు సర్దుకుని, పై అంతస్తులకు కూడా వినిపించేలా పలికింది.

"భానుమూర్తి."