వియ్యంకుడి చేపకు తోడు

మదనపల్లె టమాటా మార్కెట్ యార్డులో నారాయణప్ప కంటికి తిరుగులేదని అంటారు. అంటారంటే ముఖ్యంగా నారాయణప్పే అంటాడు. ఇరవై ఆరేళ్లుగా ఒకే మండీలో కాయలు గ్రేడింగ్ చేస్తున్న మనిషి. కాయను చేతిలోకి తీసుకోనక్కర్లేదు, కుప్పకేసి ఒక్క చూపు చూస్తే ఏది మొదటి రకమో ఏది రెండో రకమో చెప్పేస్తాడు. ఆయన సూత్రం ఒక్కటే. ఒక క్రేటులో ఒకే సైజు, ఒకే రంగు ఉండాలి. ఈ సూత్రాన్ని ఆయన టమాటాలతో ఆపకుండా పెళ్లి సంబంధాలకూ, బస్సులో సీట్లకూ, ఇంట్లో గిన్నెలకూ కూడా వాడుతూ వచ్చాడు. ఇన్నేళ్లూ దానివల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆ ఆదివారం ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే బస్సెక్కి పుంగనూరు వెళ్లడం, నాలుగు నెలల కిందట అత్తారింటికి పంపిన కూతురు భవ్యను చూడడం, మధ్యాహ్నం అక్కడే తిని సాయంత్రానికి ఇల్లు చేరడం. వియ్యంకుడు దేవరాజులు కుప్పంలో హెడ్మాస్టరుగా రిటైరై పుంగనూరులో ఇల్లు కట్టుకున్నాడు. లెక్కల మాస్టారు. ఎదుటి మనిషిని, లెక్క తప్పు చేసి పలక దాచిన పిల్లవాడిని చూసినట్టు చూస్తాడు. తానూ భార్యా మదనపల్లెలో గృహప్రవేశానికి పోతున్నామనీ, రెండు గంటలకల్లా తిరిగొస్తామనీ, ఈలోగా వచ్చి కూర్చోమనీ ఫోనులో చెప్పాడు. అల్లుడు గిరీష్‌కు పెద్దపంజాణి పాల కేంద్రంలో ఆదివారం కూడా డ్యూటీయే. అంటే వెళ్లేసరికి ఇంట్లో భవ్య ఒక్కతే ఉంటుంది.

చేతులూపుకుంటూ ఎలా వెళ్లడం అన్న ఆలోచనతో బస్టాండు దగ్గరికొచ్చిన నారాయణప్పకు పెంపుడు చేపల షాపు కనబడింది. కనబడగానే వియ్యంకుడి చేప గుర్తొచ్చింది. అది ఎర్రటి ఫ్లవర్‌హార్న్. నుదుటి మీద ఇంత బొప్పి, జానెడుకు పైన పొడవు. రిటైరైన రోజున కుప్పంలో తోటి టీచర్లు ఇచ్చారట. వేలెడంత చేపపిల్లను ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాడట దేవరాజులు. ఇప్పుడు నాలుగడుగుల తొట్టిలో అదొక్కటే తిరుగుతుంటుంది. పెళ్లి మాటలకు వెళ్లినప్పుడే దాన్ని చూసి నారాయణప్ప కడుపు తరుక్కుపోయింది. అంత తొట్టిలో, పాపం, పలకరించే దిక్కులేదు.

ఫోనులో ఉన్న ఫోటో తీసి చూపించి, అచ్చం ఇలాంటిదే ఇంకొకటి కావాలన్నాడు. షాపు నడిపే దిలీప్ ఫోటో చూసి తల అడ్డంగా ఊపాడు.

"అన్నా, ఈ చేపకు ఇంకో చేప పడదు. తొట్టంతా దాని రాజ్యమే. నాలుగడుగులంటే ఒక్కదానికే సరిపోతాది. తోడు ఉండాల్సిందే అంటే సక్కర్ ఫిష్ ఒకటి ఎత్తకపో. అడుగున పడుండి పాచి తింటాది, దీని జోలికి పోదు."

నారాయణప్ప సక్కర్ ఫిష్‌ను చూశాడు. నల్లగా, గరుకుగా, అద్దానికి నోరు అతికించుకుని వేలాడుతోంది.

"వియ్యంకుడింటికి పాచి నాకేదాన్ని ఎత్తకపోతే ఏమనుకొంటారప్పా? ఒక సైజు, ఒక రంగు ఉంటే కొట్లాట యాల వస్తాది? చిన్నదయితే పెద్దది మింగుతాది. సమానంగా ఉంటే మర్యాదగా ఉంటాయి."

"సమానంగా ఉంటేనే ఇంకా ఎక్కువ కొట్టుకొంటాయన్నా."

"ఇరవై ఆరేండ్లుగా ఇదే పని చేస్తాండా, నాకు చెప్పొద్దు."

ఏ పని అని దిలీప్ అడగలేదు. నారాయణప్ప షాపులోని ఏడు ఫ్లవర్‌హార్న్‌లనూ వరసగా చూసి, ఫోటోతో పోల్చి, జానతో కొలిచి, బొప్పి దగ్గర్నుంచి తోక దాకా వెంట్రుకవాసి తేడా లేనిదాన్ని ఏరుకున్నాడు. దిలీప్ కూడా ఒప్పుకున్నాడు, కవలలంటే కవలలేనని. ఆ మాటకు నారాయణప్ప ఛాతీ పుంగనూరు చేరేదాకా దిగలేదు.

భవ్య తలుపు తీసి, తండ్రిని చూసి సంబరపడి, ఆయన చేతిలోని చేప కవరు చూసి గతుక్కుమంది.

"నాయనా, మామ వచ్చినాక సూద్దాంలే. ఆయన ఈ పొద్దే మొదటిసారి చేపను నాకు అప్పజెప్పి పోయినాడు. మేత పన్నెండు గింజలే వేయమని లెక్కబెట్టి చూపించినాడు. గిరీష్‌ను కూడా ముట్టనీడు, తెలుసా?"

ఆ మేత డబ్బా చేతికి రావడానికి ఆ పిల్లకు నాలుగు నెలలు పట్టింది. అది ఆమె మొహంలో కనబడుతూనే ఉంది. నారాయణప్ప కూడా చూశాడు, కానీ సంతోషం మనిషికి చెవుడు తెస్తుంది కాబోలు.

"ఆయన వచ్చినాక వేస్తే అందులో ఏముండాది పాపా? వచ్చేసరికి రెండూ జతగా తిరుగుతాంటే సూసి మురిసిపోవాల."

కవరు ముడి విప్పి చేపను తొట్టిలో వంచేశాడు. పది సెకన్లు రెండు చేపలూ ఎదురెదురుగా కదలకుండా నిలబడ్డాయి.

"సూసినావా, పలకరించుకొంటాండాయి," అన్నాడు నారాయణప్ప.

ఆ తర్వాత జరిగినదాన్ని పలకరింపు అనలేం. నోట్లో నోరు పెట్టి పెనవేసుకున్నాయి. నీళ్లు ఎగిరి గోడ మీది క్యాలెండరు తడిసింది. పొలుసులు పైకి తేలాయి. గిర్రున తిరుగుతున్న ఆ ఎర్రటి ముద్దలో ఏది ఎక్కడుందో తెలియలేదు. కాసేపటికి ఒక చేప, తోక సగం చిరిగిపోయి, పైపు వెనక మూలకు చేరి నక్కింది. రెండోది దాన్ని అక్కడ కూడా వదల్లేదు.

"నాయనా, ఇందులో మామది ఏది?"

నారాయణప్ప వంగి చూశాడు. తొట్టి చుట్టూ తిరిగి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. ఎంత బాగా ఏరాడంటే, ఇరవై ఆరేళ్ల కంటికి కూడా ఇసుమంత తేడా దొరకలేదు. అయినా తెలియదని ఒప్పుకోవడం ఆయన ఒంట్లో లేదు.

"కొడతాండేది బజారు చేప. మీ మామది సూడు, మూలకు పొయ్యి నిలబడుకోనుండాది. పద్ధతిగా పెరిగింది."

"కొట్టేదే మామదేమో నాయనా."

"హెడ్మాస్టరు పెంచిన చేప కొడతాదా?"

"హెడ్మాస్టర్లే కదా నాయనా కొట్టేది."

ఆ మాట మీద రెండు నిమిషాలు ఆగి ఆలోచించి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. నారాయణప్ప ఆగలేదు. పిండి జల్లెడతో ఆ రౌడీ చేపను పట్టి, నీళ్లు పోసిన పెయింటు బకెట్లో వేసి, మూత పెట్టి, మదనపల్లె బస్సెక్కేశాడు. దీన్ని షాపులో తిరిగిచ్చేయాలి, గాయానికి మందు తేవాలి, రెండు గంటల్లోపు వచ్చేయాలి.

బకెట్లో ఏముందని కండక్టరు అడిగాడు. చేపలంటే దింపేస్తాడేమోనని నారాయణప్ప టమాటాలన్నాడు. సరిగ్గా అప్పుడే మూత ధబధబ కొట్టుకుని, సందులోంచి నీళ్లు కండక్టరు బూట్ల మీద చిమ్మాయి.

"మీ టమాటాలు ఎగురుతాండాయే," అన్నాడు కండక్టరు.

బస్సంతా నవ్వింది. ముందు సీటులో ఉన్నవాడు యార్డులో హమాలీ. వెనక్కి తిరిగి "నారాయణప్పన్నా, ఇవి ఏ గ్రేడు?" అని అడిగాడు. నారాయణప్ప కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మెడ నొప్పి పుట్టినా ఇటు తిప్పలేదు.

షాపులో దిలీప్ 'నేను చెప్పలేదా' అని అనలేదు. అనకపోవడం అనడంకన్నా అన్యాయంగా తగిలింది. బకెట్లోంచి చేపను తీసి అటూ ఇటూ చూశాడు.

"అన్నా, పొద్దున నేనిచ్చింది ఇదేనా? ఇది రవ్వంత నిండుగా ఉన్నట్లుండాదే."

"నా కంటినే అనుమానిస్తావా?" అన్నాడు నారాయణప్ప. అయితే ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

సగం ధరకు చేపను అప్పజెప్పి, నీలం మందు సీసా కొనుక్కుని తిరుగు బస్సెక్కాడు. దారి పొడవునా ఒకటే మాట బుర్రలో మోగింది. పెళ్లిపందిట్లో పదిమంది ముందు ఈ నోటితోనే అన్నాడు, మా పాప వల్ల మీకు ఒక్క మాట రాదు బావా అని. పాప వల్ల రాలేదు. పాపను కన్నవాడి వల్ల వస్తోంది. మాట పడేది మాత్రం పాపే. తలుచుకుంటే ఆయనకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

మందు వేసి, తడిసిన క్యాలెండరు తిరగేసి తగిలించి, తండ్రీకూతుళ్లు సోఫాలో కూర్చుని తలుపు వైపు చూడసాగారు. రెండున్నరకు దేవరాజులు, ఆయన భార్య రమణమ్మ వచ్చారు. వియ్యంకుడి మొహంలో ఎన్నడూ చూడని వెలుగు. చేతిలో నీళ్లు నింపిన పెద్ద కవరు. అందులో ఒక ఎర్ర ఫ్లవర్‌హార్న్.

"బావా, సూడు ఏం దొరికిందో," అన్నాడు దేవరాజులు. "మేత కొనుక్కొందామని మదనపల్లె బస్టాండు కాడ షాపులోకి పోతే ఇది కనపడింది. అద్దం మీద వేలు పెట్టినా. వెంటబడి వచ్చింది, అచ్చం మనదాని మాదిరే. వదిలిపెట్టి రాలేకపోతి."

"ఆహా," అన్నాడు నారాయణప్ప.

"ఎవుడో తలకుమాసినోడు దీన్ని పెయింటు బకెట్లో వేసుకొని బస్సులో ఎత్తకొచ్చినాడంట. పెయింటు బకెట్లో, బావా. ఇంత చేపను. తొట్టి ఎంతుండాల, పక్కన ఏముండాల అని తెలీనోడికి చేప యాల? మా స్కూల్లో సదివుంటే మోకాళ్ల మీద నిలబెట్టిందును."

"నిలబెట్టాల్సిందే బావా," అన్నాడు నారాయణప్ప.

"రెండిట్నీ ఒక్క తొట్లో వేసేంత మూర్ఖుణ్ని కాదు నేను. దీనికి ఇంకో నాలుగడుగుల తొట్టి చెప్పేసి వచ్చినా."

ఆ ఉత్సాహంతోనే, తమ్ముడు వచ్చాడని తన చేపకు చెప్పడానికి తొట్టి దగ్గరికి వెళ్లాడు. నీలం నీళ్లలో మూలన, సగం తోకతో, చేప ఒరిగి ఉంది. దేవరాజులు అలాగే నేల మీద చతికిలబడ్డాడు. వేలు అద్దం మీద పెట్టాడు. చేప కదల్లేదు.

"ఎవురు కొట్టినారు నాయనా నిన్ను?" అన్నాడు. ఆ గొంతు మూడు వందల మంది పిల్లలు ఎన్నడూ వినని గొంతు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కవరును గుండెకు పొదువుకుని మెల్లగా అడిగాడు, "ఏమయిందమ్మా భవ్యా?"

భవ్య లేచి నిలబడింది. "నాదే తప్పు మామా. తొట్టి శుభ్రం చేద్దామని సూస్తే లోపల రాయి జారి తోక మీద పడింది."

నారాయణప్ప కూతురికేసి చూశాడు. పదో తరగతిలో లెక్కల్లో ముప్ఫై ఆరొస్తే ముప్ఫై ఆరేనని ఇంటికొచ్చి చెప్పిన పిల్ల. నాలుగు నెలలు పట్టి సంపాదించుకున్న నమ్మకాన్ని తండ్రి పరువు కోసం ఒక్క వాక్యంతో వదిలేసుకుంటోంది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఇంతకన్నా ఆ మోకాళ్ల మీద నిలబడడమే మేలు.

"పాపది కాదు బావా," అన్నాడు. "ఆ తలకుమాసినోణ్ని నేనే."

ఇక ఆగకుండా మొత్తం చెప్పేశాడు. దిలీప్ చెప్పినా వినలేదని, భవ్య వద్దన్నా వేశానని, రెంటిలో ఏది ఏదో తన కంటికి తెలియలేదని కూడా చెప్పాడు. ఆ చివరి మాట బయటికి రావడానికే ఎక్కువసేపు పట్టింది. దిలీప్ నిండుగా ఉందన్నదీ, వేలు పెడితే వెంటబడి వచ్చిందన్నదీ కలిపి చూస్తే ఇప్పుడంతా తెలిసింది.

"తొట్లో ఉండేది నేను కొన్నది బావా. ఇల్లు తనది కాబట్టి నీ చేప కొట్టింది. నేను కొట్టేదాన్నే అమ్మేసి వచ్చినా. నీ చేప నీ చేతిలో ఉండాది."

దేవరాజులు కవరు వైపు చూశాడు. తొట్టి వైపు చూశాడు. మళ్లీ కవరు వైపు చూశాడు. ఇంక పడాల్సిన తిట్లకు నారాయణప్ప తల దించుకున్నాడు. తిట్లు రాలేదు. వచ్చింది రమణమ్మ గొంతు.

"అంటే మన చేపనే మనం దుడ్డు పెట్టి కొనుక్కోనొస్తిమా? బస్సులో గంటసేపు ఒళ్లో పెట్టుకొని దాని మొగమే సూస్తా వస్తివే, తెలీలేదా నీకు?"

"కవర్లో... రవ్వంత వేరే మాదిరి కనపడింది," అన్నాడు దేవరాజులు.

"మూడేండ్లుగా దినామూ దాంతో మాట్లాడతావు. నాతో కూడా అంత మాట్లాడవు. సరే, ఇప్పుడు ముందర కూసోని ఏడిస్తివే, అది ఎవురనుకొని?"

దేవరాజులు చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు మెడ దాకా దిగింది. ఏ పిల్లవాడి దగ్గరా సాకు వినని మనిషి, సాకు కోసం గదంతా వెతికి, దొరక్క, లేచి పంచె దులుపుకున్నాడు. తనవల్ల ఇంకొక మనిషి తల దించుకోవడం చూసి నారాయణప్పకు సిగ్గు రెట్టింపైంది.

తోక చిరిగిన చేపను బకెట్లోకి మార్చే వంకతో దేవరాజులు నారాయణప్ప దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "బావా, ఈ సంగతి గిరీష్‌కు తెలియాల్సిన పని లేదు."

"యార్డులో కూడా తెలియాల్సిన పని లేదు బావా."

బకెట్ ఎత్తుకుని లోపలికి పోతూ దేవరాజులు కోడలి దగ్గర ఆగాడు. "అమ్మా, మీ నాయన కోసమని చెప్పినావు, బాగానే ఉండాది. అయితే మన తొట్లో రాళ్లు యాడుండాయి?"

భవ్య తొట్టి అడుగు చూసింది. ఉత్త అద్దం. నాలుక కరుచుకుంది. దేవరాజులు మొదటిసారి ఆ ఇంట్లో నవ్వాడు.

ఆ వారంలోనే రెండో తొట్టి వచ్చింది. తోక మళ్లీ నిండుగా మొలవడానికి రెండు నెలలు పట్టింది. నారాయణప్ప మళ్లీ వచ్చిన ఒక ఆదివారం రెండు తొట్లూ కడగడానికి చేపల్ని తీసి రెండు టబ్బుల్లో వేశారు. తిరిగి వేసేటప్పుడు ఏది ఏ తొట్టిదని భవ్య అడిగితే, వియ్యంకులిద్దరూ కిటికీ దగ్గరికి వెళ్లి వాన వచ్చేలా ఉందేమోనని చూశారు.