సీటు గుర్తించని మావయ్య

పాఠకులారా! కొత్త ట్రాక్టరు కొన్నారా? సరిగ్గా దున్నే రోజే అది మొరాయించిందా? ఏడవకండి. దానికో దండం పెట్టండి. మిమ్మల్ని బాగుచెయ్యడానికే అది పాడైంది!

నమ్మరా? అయితే రిపేరు మావయ్య సంగతి వినండి.

ఆయనకా పేరు ఊరికే రాలేదు. గడ్డి కోసే మిషను, మందు కొట్టే పంపు, కొమ్మలు నరికే రంపం... వీధిలో ఏది దగ్గినా ఆయన గుమ్మం ముందుకే చేరేది. పాత ట్రాక్టరునైతే చెవితోనే చదివేసేవాడు. "ఫిల్టరు మూసుకుపోయింది, పాపం దానికి ఊపిరాడట్లేదు" అని కళ్ళు మూసుకుని చెప్పేవాడు. గోళ్ళలో గ్రీజు లేని రోజు ఆయనకు అన్నం సయించేది కాదు. ఇంట్లో తువ్వాళ్ళు చూసుకుని అత్తయ్యకూ సయించేది కాదు.

ఎంత అనాగరికం! అందుకే కంపెనీవాళ్ళు కరుణించి కొత్త ట్రాక్టరు తయారుచేశారు. మావయ్య వాయిదాల మీద ఒకటి కొన్నాడు. దానికి ఎక్కడ చెయ్యి వేసినా సీలే. సీలు మీద స్టిక్కరు: 'విప్పితే వారంటీ చెల్లదు.' మన చేతులు శుభ్రంగా ఉండాలని కన్నతల్లి అయినా ఇంత తపించిందా?

వాన వెలిసింది. నేల చక్కగా పదునెక్కింది. ఎండ కాస్తే గట్టిపడుతుంది, మళ్ళీ వాన పడితే బురదవుతుంది. ఈలోగా దున్ని విత్తనం వెయ్యకపోతే ఆ పంట లేనట్టే. మావయ్య సీటెక్కి తాళం తిప్పాడు. ఇంజను కిక్కురుమనలేదు. ఎదురుగా ఎర్రదీపం మాత్రం వెలిగింది.

కంపెనీకి ఫోను చేశాడు.

"సర్, మీరు సీట్లో కూర్చున్నారా?" అని ఒక తియ్యటి గొంతు అడిగింది.

"కూర్చునే మాట్లాడుతున్నానమ్మా."

"లేదు సర్. సిస్టంలో సీటు ఖాళీగా ఉన్నట్టు చూపిస్తోంది."

మావయ్య కిందికి వంగి చూసుకున్నాడు. కాళ్ళున్నాయి. చెప్పులు కూడా ఉన్నాయి. "నేను చెబుతున్నాగా!"

"సిస్టం చెప్పాలి సర్. మా టెక్నీషియన్ త్వరలో వస్తారు."

"త్వరలో అంటే?"

"త్వరలోనే సర్."

ఎంత గొప్ప సదుపాయమో చూడండి! మనిషి సీటు దిగితే ఇంజను ఆగిపోవాలని కింద ఒక స్విచ్ పెట్టారు. ప్రాణాలు కాపాడే స్విచ్. అది కాస్తా మావయ్య ప్రాణంతో ఉన్నాడన్న సంగతే ఒప్పుకోవడం మానేసింది. 'నేనెవరు?' అని తెలుసుకోవడానికి మునులు అడవులు పట్టిపోయారు. మావయ్యకా ప్రశ్న వాయిదాల మీద ఇంటికే వచ్చింది!

వాకిట్లోంచి అత్తయ్య అరిచింది. "ఏమంటోందండీ?"

"నేను లేనంటోంది."

"మరి పొద్దున్న రెండుసార్లు కాఫీ తాగిందెవరట?"

బరువు చాలడం లేదేమోనని అత్తయ్యకు అనుమానమొచ్చింది. ఇద్దరూ కలిసి విత్తనాల బస్తా తెచ్చి సీటు మీద పడేశారు. తాళం తిప్పగానే ఇంజను గుర్రుమంటూ లేచింది! బస్తాకున్న పరపతి మావయ్యకు లేదన్నమాట.

చేసేదేముంది? బస్తాను పసిబిడ్డలా ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేలోకి దిగాడు. మొదటి గతుకుకు బిడ్డా తండ్రీ కలిసి ఎగిరారు. ఇంజను ఆగింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ గతుకు, మళ్ళీ ఆగింది. చేలో గతుకులు కాక తారురోడ్డుంటుందా?

పడమట మబ్బు కమ్ముకొస్తోంది. మావయ్య మబ్బు వంక చూశాడు, స్టిక్కరు వంక చూశాడు. సొంత ట్రాక్టరు విప్పడానికి దొంగలా అటూ ఇటూ చూశాడు. ఆయన వాలకం అత్తయ్య చూడలేకపోయింది. తనే వెళ్ళి స్పానరు తెచ్చి చేతిలో పెట్టింది.

"విప్పండి. తువ్వాలు నేను ఉతుక్కుంటాలెండి."

సీటు విప్పితే ఏముంది? స్విచ్‌కి వెళ్ళే తీగ కొస ఊడి వేలాడుతోంది. బాగా బరువు పడితేనే తగులుతోంది. కొసను శుభ్రం చేసి, స్విచ్‌లో గట్టిగా బిగించాడు. దిగితే ఇంజను ఆగుతోంది, ఎక్కితే నడుస్తోంది. ఆఖరి సాలు దున్ని, విత్తనం చల్లి గట్టెక్కేసరికి చినుకు మొదలైంది. తడుస్తూనే ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

మొలకలు పచ్చగా కనిపిస్తున్న వేళకు టెక్నీషియన్ లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. సీటు కింద తొంగిచూసి మొహం మాడ్చుకున్నాడు. "దీన్నెవరో విప్పారు."

"ఎవరై ఉంటారంటావు బాబూ?"

"ఇంకెవరు సర్, మీరే!"

"హమ్మయ్య! ఉన్నానన్నావు, అది చాలు."

అతను నవ్వలేదు. "వారంటీ పోయింది సర్. ఇకనుంచి దీనికేం జరిగినా మాకు సంబంధం లేదు."

అత్తయ్య నెత్తిన చెయ్యి పెట్టుకుంది. మావయ్య మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏదీ, మళ్ళీ అను?"

"మాకేం సంబంధం లేదు సర్!"

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, మావయ్య మిగిలిన స్టిక్కర్లన్నీ గోటితో గీకడం మొదలుపెట్టాడు.

"అయ్యో, ఏం చేస్తున్నారండీ?"

"కొన్నది ఎప్పుడో గానీ, మనదయింది ఇవాళేనే!" అంటూ ఆయన బానెట్ ఎత్తాడు.