అమూల్య ఇంకా పుట్టలేదు

అమూల్య ఇంకా పుట్టలేదన్న భయంకర సత్యం, ఆమె కొనుగోలు కేంద్రంలో వడ్లు కుప్ప పోసిన ఎనిమిదో రోజు పొద్దున బయటపడింది.

కనిపెట్టింది పోలీసులు కాదు, డాక్టర్లు కాదు. మా రైతు సంఘం కంప్యూటర్! నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు వాక్యం మెరిసింది: ‘రైతు ఇంకా పుట్టలేదు.’

పుట్టని రైతుకు టోకెన్ రాదు. టోకెన్ లేనిదే గోనె సంచులివ్వరు, కాంటా పెట్టరు. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. పెద్దపల్లి అవతల రాళ్లవాన పడిందని అప్పుడే ఎవరికో ఫోన్ వచ్చింది. యాసంగి పంట మొత్తం ఆకాశం కింద ఉంది, పైన ఒక్క ప్లాస్టిక్ పరదా.

అమూల్యకు ఇరవై ఐదేళ్లు. రెండెకరాలు ఆమె పేరు మీదే ఉన్నాయి. సంఘం సెక్రటరీ రాజలింగును నిలదీసింది.

“నేను పుట్టకుంటే గీ వడ్లు ఎవలు పండిచ్చిన్రు కాకా?”

“నాకెరుకనే బిడ్డా. మిషినుకు ఎరుక లేదాయె.”

“పుట్టకముందే నాటేసిన్నంటే నాకు సన్మానం చెయ్యాలె మరి. శాలువ తెప్పియ్యి, వడ్లమీదన్న కప్పుత.”

కరీంనగర్‌లో ఇరవై ఏళ్లు కంప్యూటర్ సెంటర్ నడిపి, మూసేసి, ఊళ్లో కూర్చున్న మనిషిని కాబట్టి నాకు కబురొచ్చింది. వెళ్లాను, రిజిస్టరులో సంతకం పెట్టాను. చూశాను. చేతులెత్తి దండం పెట్టాను.

మీరూ పెట్టాలి పాఠకులారా! పాత సాఫ్ట్‌వేర్ ఒక శాపమనే వాళ్లు దాన్ని దగ్గరి నుంచి చూడని వాళ్లు. అది వరం. ఎట్లాగో వినండి.

పైకి కనిపించేది ఈ ఏడాది వచ్చిన ట్యాబ్. రైతు కార్డు చూపితే వివరాలన్నీ చెప్పేస్తుంది. చెప్పి అరనిమిషంలో నిద్రపోతుంది. కనుక ఆపరేటర్ వెస్లీ ఆ తెరను తన ఫోన్‌తో ఫోటో తీసుకుంటాడు. ఆ ఫోటో చూస్తూ బల్ల మీది కంప్యూటర్లో టైప్ చేస్తాడు. ఆ కంప్యూటర్లో ఒక కిటికీ తెరిస్తే విండోస్ ఎక్స్‌పీ. దానిలో ఇంకో కిటికీ తెరిస్తే డాస్. దాని అడుగున ఫాక్స్‌ప్రో అనే పాతకాలపు భాషలో రాసిన ఒక ప్రోగ్రాం. టోకెన్ ఇచ్చేది అదే, మిగతావన్నీ దాని గుమ్మం ముందు నిలబడ్డ జవాన్లు. టోకెన్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లో గీపెడుతూ వస్తుంది. వెస్లీ దాన్నీ ఫోటో తీసి మళ్లీ ట్యాబ్‌కు చూపిస్తాడు. ట్యాబ్ ఒప్పుకుంటే కాంటా.

మా అవ్వ కుట్టిన బొంత సరిగ్గా ఇట్లాగే ఉండేది. పైన కొత్త చీర, దాని కింద పాతది, దాని కింద ఇంకా పాతది, నడుమ ఎవరు కట్టి విడిచిందో తెలియని గుడ్డ. ఆ గుడ్డ లాగితే బొంతే ఉండదు.

ఇంత భద్రమైన ఏర్పాటు ఏ బ్యాంకుకైనా ఉందా? దొంగ చొరబడినా ఎక్స్‌పీ దాకా వచ్చి దారి తప్పి, వెస్లీని మంచినీళ్లు అడుగుతాడు. కృత్రిమ మేధ అందరి ఉద్యోగాలు ఊడగొడుతుందట. వెస్లీ ఉద్యోగాన్ని తాకమనండి చూద్దాం! ప్రింటర్ ఆగినప్పుడు ఎడమ పక్క ఎంత బలంగా చరచాలో దానికెవరు నేర్పుతారు? ఇక మత సామరస్యం సంగతి. ఆన్ చేసే ముందు రాజలింగు ఊదుబత్తి వెలిగిస్తాడు, వెస్లీ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాడు. ఇద్దరిలో ఒక్కరు సెలవు పెట్టినా అది లేవదు.

అన్నిటికన్నా గొప్ప వరం యవ్వనం. ఆ ప్రోగ్రాంలో ఇది 1998!

అవును. దానికి రెండు వేల సంవత్సరం తెలియదు. 1999 డిసెంబరు ముప్పై ఒకటి దాటితే కన్ను మూస్తుంది. అందుకే ఏడాది విడిచి ఏడాది, జనవరి ఒకటిన తేదీని రెండేళ్లు వెనక్కి తిప్పుతారు. ఇది దానికి పదిహేనో 1998. ఈసారి విశేషమేమంటే, ఆనాటి వారాలూ ఈనాటి వారాలూ అచ్చంగా కలిశాయి. ఇరవై ఎనిమిదేళ్లు ఓపిక పడితే తప్పు కూడా ఒప్పవుతుంది.

ఆ ఉపాయం చెప్పే కాగితం మానిటర్ పక్కన గోడకుంది. జిరాక్స్‌కు జిరాక్స్ తీసి, ల్యామినేషన్ చేయించి, దసరాకు బొట్టు కూడా పెట్టారు. ‘2000 వస్తే తేదీ 1-1-98 పెట్టుకోగలరు. ఇది తాత్కాలికం.’ రాసిందెవరో గానీ చేతిరాత ముత్యాలే!

అది చదివాక నాకు చెమటలు పట్టాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

“ఎక్కడిదయ్యా ఇది?” అన్నాను.

“మా ముందటి సెక్రటరీ ఆసిఫాబాద్ దిక్కుకెళ్లి ఫ్లాపీల తెచ్చిండు సారు, గీ కాగితం జిరాక్స్ గుడ,” అన్నాడు రాజలింగు. “ఆడ రాసినాయన మస్తు తెలివిగల్లోడట. మళ్ల కనవడలేదట.”

“పెద్దవాళ్లు అంతే,” అన్నాను.

“ఇన్నొద్దులు ఎట్ల నడిసింది మరి?” అని వెస్లీని అడిగింది అమూల్య.

“98 తర్వాత పుట్టినోళ్లకు బాపు పుట్టిన తారీఖు కొడుతుంటి అక్కా. ఇప్పుడు గీ ట్యాబు కార్డు తారీఖుతోని కలుస్తలేదంటున్నది. బాపు పేరు మీద పట్టా ఉన్నోళ్లకు ఫికర్ లేదు.”

“మా బాపు పోయి ఐదేండ్లాయె.”

వెస్లీ తెర వైపు చూశాడు. “ఇండ్ల ఉన్నడక్కా. 98ల బతికే ఉన్నడు గదా.”

అమూల్య తెరలోకి ఒకసారి తొంగి చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుంది.

“అయితే ఆయననే కాంటకు రమ్మనుండ్రి. మబ్బైతున్నది, జర జల్ది రమ్మనుండ్రి.”

రేకుల మీద ఒక చినుకు టక్కుమంది.

ఆ క్షణంలో నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ‘పాత సరుకు, నాకు అంతుపట్టదు’ అని చెప్పి ఇంటికి పోవడం. పరువు దక్కుతుంది, వడ్లు మొలకెత్తుతాయి. రెండోది చెప్పను, చేసి చూపిస్తాను.

“లే వెస్లీ,” అని కుర్చీలో కూర్చున్నాను.

‘రైతు ఇంకా పుట్టలేదు’ అన్న వాక్యం తెర మీద ఉండగా కంట్రోల్, ఎఫ్ తొమ్మిది కలిపి నొక్కితే కింద చిన్న గడి తెరుచుకుంటుంది. ఏ పుస్తకంలోనూ లేదు. అందులో ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు కొట్టాను. ప్రోగ్రాం ఒక్క లిప్త ఆలోచించి, పుట్టిందా లేదా అన్న విచారణ మానుకుని టోకెన్ కక్కింది. అమూల్య అసలు పుట్టిన తేదీతోనే! ట్యాబ్ ఒప్పుకుంది. హమాలీలు సంచులు పట్టారు. ఆఖరి సంచి షెడ్డులోకి చేరేసరికి వాన దంచడం మొదలుపెట్టింది.

అందరం షెడ్డులో నిలబడ్డాం. వెస్లీ మాత్రం మూలనున్న కంప్యూటర్ దగ్గరే ఉన్నాడు. ఆ కాలపు పాస్‌వర్డ్ కదా, చుక్కల వెనక దాక్కోలేదు. వాడు తెర మీది అక్షరాలు కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు.

“మ... మళ్లొస్త. సార్, గీ మాట మీకెట్ల ఎరుక?”

రాజలింగు గోడ మీది కాగితం చూశాడు. తర్వాత, ఇందాక నేను సంఘం రిజిస్టరులో పెట్టిన సంతకం చూశాడు. ముత్యాలే. అమూల్య తడిసిన కొంగు పిండుతూ నా వైపు తిరిగింది.

పాఠకులారా, వరం గురించి ఇందాకటి నుంచి ఎంత చెప్పాను! ఇక మిగిలింది ఒక్క మాట. అది మీకు కాదు, ఆమెకు చెప్పాల్సింది.

“నేనే రాసిన బిడ్డా. ఆసిఫాబాద్ల నాలుగు దినాలల్ల రాసిన. రెండు వేలొస్తె ఎట్ల సారు అని అడిగిన్రు. ఇప్పటికైతే తారీఖు ఎనుకకు పెట్టుకోన్రి, రెండు నెలలకు మళ్లొస్త, సక్కగ చేస్త అని చెప్పిన. బస్సెక్కిన. మళ్ల పోలే. గిన్నేండ్లు నడుస్తదని నేనెన్నడు అనుకోలే. మిషినును తిట్టకు. నువ్వు పుడ్తవని దానికి చెప్పంది నేనే.”